గులాబీ రంగు సీసా

వారాసిగూడ చౌరస్తాలో మా మందుల షాపు.
శనివారం రాత్రి పదకొండు దాటాక
బిర్యానీ హోటల్ నుంచి నేరుగా వచ్చేవాళ్లంతా
ఛాతీ మీద అరచెయ్యి రుద్దుకుంటూనే వస్తారు.
"గ్యాస్‌కి ఏమన్నా ఇయ్యి అన్నా."
చీటీ అడగను. ఎవరూ అడగరు.
చిల్లరకి బదులు చాక్లెట్ ఇచ్చినంత సులువుగా
గులాబీ రంగు సీసా ఇస్తాను.

సుగుణక్క ముషీరాబాద్ డిపోలో కండక్టరు.
ఫస్టు షిఫ్టు. తెల్లారగట్ల మూడున్నరకి లేచి
ఒక్క ఊపులో అన్నీ అయిపోవాలె ఆమెకు:
థైరాయిడ్ గోళీ,
దాని వెనకే రెండు మూతల గులాబీ మందు,
దాని వెనకే వేడి చాయ్.
గోళీ నా దగ్గరే. సీసా నా దగ్గరే.
ఒకే కాగితం కవర్లో పక్కపక్కన పెట్టి
పిన్ను కొట్టి ఇచ్చింది నేనే.

ఏడాదిలో చీటీ మీద అంకె పెరిగింది.
యాభై. డెబ్బై ఐదు. వంద.
"ఒళ్లు తడిసిన బొంత లెక్క అయితుంది తమ్మీ,
బస్సు మెట్టెక్కుతుంటే గుట్టెక్కినట్టుంది."
అయ్యో అన్నాను. వందది తీసి ఇచ్చాను.
సీసా కూడా కావాలా అక్కా, అని అడిగాను.
అలా అడగడం మా ఓనరు నేర్పిన మర్యాద.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
గిరాకీ లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు.
గోళీల డబ్బాలో మడతలు పడి ఉండే కాగితం
పందొమ్మిదేళ్లలో మొదటిసారి విప్పాను.
చీమలు గుడ్లు మోస్తున్నట్టు అక్షరాలు.
అందులో సీసా పేరు లేదు,
సీసాలో ఉన్నవాటి పేర్లున్నాయి:
అల్యూమినియం, మెగ్నీషియం.
నాలుగు గంటల ఎడం ఉండాలట.
సుగుణక్క గోళీకీ మందుకీ నడుమ
నాలుగు నిమిషాలు కూడా లేవు.

మర్నాడు ఆమె డ్యూటీ దిగి వస్తే
ఎలా చెప్పాలో తెలియక నసిగాను.
అంతా విని, ఆమే నాకు అర్థం చేయించింది:
"అంటే, మందు ఎక్కి గోళీ చెయ్యి పట్టుకుంటది.
దిగాల్సిన స్టాపుల దిగనియ్యది.
ఇద్దరు కలిసి ఆఖరి స్టేజీ దాంక పోయి
ఉత్తగనే దిగిపోతరు. గంతేనా?"
గంతే అక్కా.
"మరి ఏడాది సంది టికెట్టు పైసలు నేను కడుతుంటి గదరా."
తిట్టలేదు. తిడితే బాగుండేది.

గోళీ తెల్లారగట్ల, మందు పగటి అన్నం తిన్నాక.
చాయ్ కూడా గంట ఆపుకుంది పాపం.
పుణ్యం చేశాననుకున్నాను.
నెలన్నరకి, కౌంటరు మీద పెట్టిన ఆమె వేళ్లు
ఆగకుండా వణుకుతున్నాయి.
గుండె దడ, రాత్రంతా నిద్ర లేదు.
దొంగ తినేదానికి సరిపడా వండుతూ వచ్చాం,
దొంగ పోయాక కూడా గిన్నె తగ్గించలేదు.
వందకి వందా ఒంటికి పడుతోంది ఇప్పుడు.
ఈసారి నేనేమీ ఇవ్వలేదు.
సీసా సంగతి ముందు చెప్పమని కాగితం మీద రాసి
ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పంపాను.
డెబ్బై ఐదు. తర్వాత మళ్లీ యాభై.

అప్పట్నుంచి అడుగుతున్నాను.
ఇంకేం గోళీలు వాడుతున్నారు? కిడ్నీలు బాగున్నాయా?
"నువ్వేమన్నా డాక్టరువా" అంటాడు ఓనరు.
డయాలసిస్‌కి పోయే ఖాజా సాబ్‌కి ఇవ్వనన్నాను,
పక్క షాపులో కొనుక్కుని
నాకు కనపడేలా ఊపుకుంటూ పోయాడు.
మొన్న శనివారం ఒకతను సీసా అడుగుతూ
దవడ పట్టుకున్నాడు. ఏసీ కింద చొక్కా తడిసింది.
ఇది గ్యాస్ కాదన్నా అని ఆటో ఎక్కించి
గాంధీ ఆసుపత్రికి పొమ్మన్నాను.
ఏమయ్యాడో తెలియదు. డబ్బులకి తిరిగి రాలేదు,
నేనేమీ అమ్మలేదు కదా.

ఇందాక షట్టరు ఎత్తుతుంటే
సుగుణక్క బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది.
ఫుట్‌బోర్డు మీంచి నన్ను చూసి
బొటనవేలు ముడిచి నాలుగు వేళ్లు చూపించింది.
వెనక ఎవరో, నాలుగు టికెట్లా అమ్మా, అన్నారు.